ఎర్ర తీగకు కట్టిన పళ్ళెం

వాయు, జల, లోహ వ్యవహారాలను పర్యవేక్షించే మహాశయుల సమక్షానికి:

ఆరో ఇంక్లైన్ బొగ్గు గని భూగర్భ నివాసంలోని రెండు వందల పన్నెండు ఇళ్ళ బుడగ డబ్బాలను నెలకొకసారి తనిఖీ చేసే లోహ పరీక్షకురాలు, రెండవ శ్రేణి, ఇందుమతి సవినయంగా సమర్పిస్తున్న నమోదులు ఇవి. మహాశయుల పేర్లు రాయనందుకు మన్నించాలి. కార్యాలయం తలుపు మీద పేర్ల పలక ఉండవలసిన చోట రెండు మేకులు మాత్రమే ఉన్నాయి. మేకులను సంబోధించే పద్ధతి నియమావళిలో లేదు.

పరీక్షకులు తమ సొంత అభిప్రాయం రాయరాదని తొమ్మిదో నియమం. రాయక తప్పకపోతే మూడు ప్రతులు రాయాలని దాని కిందనే ఉన్న ఉపనియమం. మూడూ రాశాను. అక్షరాలు అక్కడక్కడ వంకర పోయి ఉంటే అందుకు కారణం నాలుగో నమోదులో ఉన్నది.

నమోదు 1
అవరోహణ సంవత్సరం 41, మూడో నెల, 4వ తేదీ

ఈ రోజు ఏడు ఇళ్ళు చూశాను.

ముప్పై ఒకటో ఇంట్లో రాగి చెంబు కోసి డబ్బాలో పలకలుగా కట్టారు. నాలుగు రోజులకే నీళ్ళు నెమలి మెడ రంగుకు తిరిగాయి. "చూడ సక్కగున్నయి గద మేడం" అన్నాడు ఇంటి యజమాని. చక్కదనం అర్హతల జాబితాలో లేదు గనుక "రాగి: అనర్హం" అని రాశాను. యాభై ఎనిమిదో ఇంట్లో టిఫిన్ క్యారియర్ మూత, అల్యూమినియం. కరెంటు ఇవ్వకముందే బట్టల సోడా దాన్ని తినడం మొదలుపెట్టింది. తొంభయ్యో ఇంట్లో పాత టార్చి సెల్లుల్లోంచి తీసిన బొగ్గు కడ్డీలు. వారం తిరక్కుండా రాలి బురదయ్యాయి. బొగ్గు గనిలో కాపురముండి బొగ్గు కరువైందని బాధపడే యోగం ఆ ఒక్క ఇంటివారికే పట్టింది.

మిగిలిన నాలుగు ఇళ్ళలోనూ స్టీలు. పద్నాలుగో సర్క్యులర్ ప్రకారం ఆమోదం పొందిన లోహం అదొక్కటే. ఆ సర్క్యులర్ కింద పరీక్షకురాలి సంతకం నాదే. ఆరేళ్ళ కిందట చేశాను.

డబ్బాలో సోడా నీళ్ళు, రెండు పలకలు ఉంటాయి. నల్ల తీగకు కట్టిన పలక మీద పుట్టే వాయువు గొట్టం వెంట పొయ్యికి పోతుంది. ఎర్ర తీగకు కట్టిన పలక మీద పుట్టేది గదిలోకి వస్తుంది. దాన్ని పీల్చుకుంటాం. డబ్బా ఆగితే మొదట అన్నం ఉడకదు. రెండు గంటలకు తల బరువెక్కుతుంది. ఆ తర్వాత ఏమవుతుందో రాసే గడి నా ఫారంలో లేదు.

స్టీలంటే ఇక్కడ పెళ్ళికి చదివించిన పళ్ళేలే. ఇచ్చినవారి పేరూ తేదీ చెక్కి ఉన్నవి. కిందికి దిగేటప్పుడు బట్టలు వదిలేసినవారు కూడా వీటిని వదల్లేదు. నల్ల తీగకు కట్టిన పళ్ళెం ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. ఎర్ర తీగకు కట్టినది అరుగుతుంది. అందుచేత ఏ బంధువు పళ్ళేన్ని ఏ తీగకు కట్టాలన్నది ప్రతి ఇంట్లోనూ బాగా ఆలోచించి తీసుకునే నిర్ణయం. ఆదుకున్న మేనమామ నల్ల తీగకు, పెళ్ళిలో అలిగిన బావ ఎర్ర తీగకు. లోహాల తనిఖీకి వెళ్ళి తగాదాలన్నీ తెలుసుకుని వస్తుంటాను. ఈ ఆచారాన్ని నియమావళి నిషేధించలేదు.

నమోదు 2
6వ తేదీ

నూట నాలుగో ఇల్లు. ఇది మా అన్న ఇల్లు. ఆయన పైన సౌర పలకలు తుడిచే పనిలో ఉంటాడు. నెలకొకసారి దిగుతాడు. ఇంట్లో వదిన ఓదెమ్మ, కాన్పుకు వచ్చిన మేనకోడలు సింధూజ, తొమ్మిది రోజుల ఆడపిల్ల.

"ఏందే ఇందూ, పిల్లను చూడనీకి అచ్చినవా, తనికీకి అచ్చినవా?" అంది వదిన.

"రెండిటికీ వదినా."

"రెండిటికంటే తనికీకే అన్నట్టు. తియ్యి, మూత తియ్యి. పిల్ల యాడికి పోతది, డబ్బనే చూడు ముందుగాల."

మూత తీశాను. ఎర్ర తీగకు కట్టిన పళ్ళెం మీద చెక్కిన అక్షరాలు ముప్పాతిక అరిగాయి. "వదినకు ఇందు" వరకే మిగిలింది.

"ఇది నేనిచ్చిన పళ్ళెం కదా?"

"నీదే. నల్ల తీగకు మా తమ్మునిది కట్టిన. వానిది ఎర్ర తీగకు కడితే వాడు ఇంట్ల అడుగువెట్టడు."

"నేను పెడతాననే కదా ధైర్యం?"

"నువ్వు సర్కారు కొలువు చేసేదానివి. అరుగుడు నీకు అలవాటే."

మంచంలోంచి సింధూజ నవ్వింది. నవ్వు మధ్యలో ముక్కు తుడుచుకుంది. కొంగుకు ఎర్రటి మరక అయింది. "ఊకె గిట్లనే కారుతాంది అత్తమ్మా, పొడి గాలికి" అన్నది.

డబ్బాలో నీళ్ళు పసుపు రంగులో ఉన్నాయి. ఆరేళ్ళలో స్టీలు పలకల దగ్గర నేనెప్పుడూ చూడని రంగు. నా ఫారంలో నీళ్ళ రంగుకు మూడే గడులు: తెలుపు, ఆకుపచ్చ, గోధుమ.

"రెండు నెలల సంది వస్తాంది" అంది వదిన గొంతు తగ్గించి. "పసుపు కొమ్ము కండ్ల చూసి పదకొండేండ్లాయె. ఆఖరికి గంగమ్మనే పంపింది. వాడకట్టంతా గడపలకు గిదే సల్లుతున్నరు. పిల్ల పురుడుకని బిందె నింపి పెట్టిన." 

ఆమె ముఖంలోని వెలుగును నమోదు చేయడానికీ గడి లేదు. "తెలుపు" అన్న గడిలో గుర్తు పెట్టి బయటికి వచ్చాను.

నమోదు 3
8వ తేదీ

పదకొండో రోజు పురుడు. సెలవు పెట్టి వెళ్ళాను. బిందెలోని నీళ్ళు వేడి చేసి మొదట బాలింతకు, తర్వాత బిడ్డకు పోశారు. మిగిలిన నీళ్ళతో వచ్చిన ఆడవాళ్ళందరి పాదాలూ తడిపారు. పసుపు రాసుకోవడం మరిచిపోయిన ముసలమ్మలు తమ పాదాలను తామే చూసుకుంటూ చాలాసేపు కూర్చున్నారు. ఒకావిడ ఏడ్చింది.

విశ్వవిద్యాలయంలో లోహాల క్షయం గురించి రెండేళ్ళు చదువుకున్న నేను కూడా పాదాలు చాపాను. ఈ వాక్యాన్ని ఎవరూ అడగలేదు. మూడు ప్రతుల్లోనూ ఉంచుతున్నాను.

నమోదు 4
12వ తేదీ

నా కుడిచేతి వేళ్ళ మీద నాలుగు పుండ్లు లేచాయి. గుండ్రంగా, పెన్సిలుతో పొడిచినట్టు లోతుగా ఉన్నాయి. నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే నాకు భయం కలిగించింది. ఇన్నేళ్ళూ తనిఖీలో ఆ నీళ్ళలో చేయి పెట్టే ఉన్నాను. ఇప్పుడే ఎందుకు?

సమాధానం కరెంటు మీటరులో దొరికింది. నేను స్టీలును ఆమోదించిన నాడు డబ్బాకు రెండున్నర వోల్టులు వచ్చేవి. గాలి చాలడం లేదన్న విన్నపాల మీద గత సంవత్సరం చివర దాన్ని ఆరుకు పెంచారు. పలకలను మళ్ళీ పరీక్షించమని ఎవరూ నాకు రాయలేదు. నేను కూడా ఎవరికీ రాయలేదు. స్టీలులో ఇనుముతో పాటు క్రోమియం ఉంటుంది. మచ్చ పడకుండా కాపాడేది అదే. ఆరు వోల్టుల దగ్గర ఆ కాపలా లోహమే ఎర్ర తీగ వైపు కరిగి పసుపు రంగు విషమవుతుంది. చర్మాన్ని తొలుస్తుంది. బుడగ పగిలినప్పుడు లేచే తుంపరతో కలిసి ముక్కులోకి పోతుంది.

నిర్ధారణకు సీసాలో పట్టిన నీళ్ళలో బ్యాటరీ ఆసిడ్ చుక్కలు వేశాను. పసుపు నారింజ రంగుకు మారింది. పుస్తకంలో రాసినట్టే మారింది. పుస్తకం తప్పు కావాలని నేను కోరుకోవడం ఇది మొదటిసారి.

సాయంత్రంలోపు నలభై ఇళ్ళు తిరిగాను. ముప్పై మూడు ఇళ్ళలో పసుపు నీళ్ళున్నాయి. ముప్పై మూడు గడపలు మెరుస్తున్నాయి. సింధూజ బిడ్డకు తొడల మీద దద్దు లేచింది. "చెమటకాయలు" అంది వదిన. ఇరవై ఒకటో రోజున, అంటే పద్దెనిమిదో తేదీన, తొట్టెలలో వేస్తారట. ఆ స్నానానికి ఇంకో బిందె నిండుతున్నది. నీళ్ళ సంగతి చెప్పబోయాను. "తొట్టెల పండుగ ముంగట అపశకునం మాటలు మాట్లాడకు" అని నోరు మూయించింది.

నమోదు 5
14వ తేదీ

సూపరింటెండెంట్ విశ్వంభర్ గారిని కార్యాలయంలో కలిశాను. నారింజ రంగు సీసా బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని తన కాగితాలకు దూరంగా జరిపారు.

"పసుపు మీద ఫిర్యాదు ఎవరు చేశారమ్మా?"

"ఎవరూ చేయలేదు సార్. అందరూ సంతోషంగా ఉన్నారు."

"మరి? శుభమే కదా."

"పిల్లల చర్మం పోతుంది సార్. ముక్కుల్లో రక్తం వస్తున్నది."

"మీ నెలవారీ ఫారంలో నూట నాలుగో ఇంటి నీళ్ళు తెలుపని ఉంది. సంతకం మీదే."

తల వంచుకున్నాను. తల వంచినందువల్లనే ఆయన కుర్చీ వెనుక కింద పెట్టి ఉన్న కార్యాలయపు డబ్బా కనిపించింది. నా జాబితా శీర్షిక "ఇళ్ళు" గనుక దాన్ని నేనెన్నడూ తనిఖీ చేయలేదు. నీళ్ళు గాజులా తేటగా ఉన్నాయి. ఎర్ర తీగ పలక మీద పలుచని నల్ల పొర ఉంది. పైపైన నల్లబడి, అక్కడితో ఆగిపోయి, కరగకుండా నిలిచే లోహం ఒకటుంది.

"అది నికెల్ కదా సార్?"

"కార్యాలయ సామగ్రి అది."

"ఎక్కడిది?"

"పాత రోజుల్లో కార్మికుల టోపీ దీపాలకు బ్యాటరీలుండేవి. వాటిలోంచి తీసిన పలకలు. దీపాల గదిలో ఇంకా మూడు వందలున్నాయి."

"మూడు వందలుంటే ఇళ్ళకు ఎందుకివ్వలేదు?"

ఆయన ముఖంలో నిజాయితీతో కూడిన విచారం కనిపించింది. "ఇద్దామనే లెక్క వేశాం. ఇంటికి రెండు చొప్పున నాలుగు వందల ఇరవై నాలుగు కావాలి. మూడు వందలే ఉన్నాయి. అందరికీ చాలవు. కొందరికిచ్చి కొందరికి ఇవ్వకపోతే అన్యాయం. అందుకని ఎవరికీ ఇవ్వలేదు."

"రెండెందుకు సార్? కరిగేది ఎర్ర తీగ వైపు పలకే. నల్ల తీగకు స్టీలు ఉన్నా ఏ హానీ లేదు. ఇంటికి ఒక్కటి చాలు. రెండు వందల పన్నెండు ఇచ్చినా ఇంకా ఎనభై ఎనిమిది మిగులుతాయి."

ఆయన లెక్కను కాగితం మీద వేసి చూశారు. సరిపోయింది. ఆయనకు అది నచ్చలేదు.

"ఆరేళ్ళుగా ఎవరూ ఈ మాట చెప్పలేదే!"

"ఆరేళ్ళుగా నన్నెవరూ అడగలేదు సార్. నేనూ ఈ గదిలో తల వంచి చూడలేదు."

"రాతపూర్వకంగా ఇవ్వండి. ముప్పై రోజుల్లో పరిశీలిస్తాం."

తొట్టెల పండుగకు నాలుగు రోజులుంది.

నమోదు 6
18వ తేదీ

ఉదయం తొమ్మిదికి వదిన ఇంటికి వెళ్ళేసరికి బిందె పొయ్యి మీద ఉంది. బిడ్డ ఒంటికి నూనె రాస్తున్నారు. దద్దు పొట్ట దాకా పాకింది.

"వదినా, ఆ నీళ్ళు పొయ్యొద్దు. విషం అవి."

"నోరు కడుక్కో ముందు. శుభమా అని తొట్టెల్ల ఏస్తుంటే విషమంటవేంది?"

"నా వేళ్ళు చూడు. నీ వేళ్ళూ చూసుకో."

"నావి పొయ్యి మీద కాలినయి."

"నాలుగు చోట్ల, గుండ్రంగానా?"

"ఇందూ!" వదిన లేచి నిలబడింది. "నా బిడ్డ పెండ్లికి పసుపు లేదు. కడుపుతోనున్నప్పుడు లేదు. ఇగ ఇన్నొద్దులకు గింత దొరికింది. నీ సదువుకు గది కూడ కండ్లవడ్డదా?"

క్రోమియం గురించి చెప్పాను. వోల్టుల గురించి చెప్పాను. నేను మాట్లాడుతున్నకొద్దీ ఆమె నా మాట వినడం మానేసింది. గిన్నె ముంచి బిడ్డ వైపు తిరిగింది. అప్పుడు నాకు నా చదువులో లేని సంగతి ఒకటి తోచింది.

"వదినా, దిష్టి తీసే ఎర్రనీళ్ళు ఎట్లా చేస్తారు?"

"గిదేం అడుగుడు? పసుపు నీళ్ళల్ల సున్నం కలిపితే ఎర్రగైతయి."

"సున్నం లేకపోతే?"

"సోడ ఏసినా ఎర్రగనే అయితది. మా అవ్వ గట్లనే చేసేది..."

ఆమె చెయ్యి ఆగింది. గిన్నెలోకి చూసింది. డబ్బాలోకి చూసింది. డబ్బాలో మేం పోసేదే సోడా.

"నిజం పసుపైతే సోడాలో ఎర్రబడాలి కదా" అన్నాను.

వదిన గిన్నెలోని నీళ్ళలో గుప్పెడు సోడా వేసి కలిపింది. ఇంకో గుప్పెడు వేసింది. నీళ్ళు పసుపు రంగులోనే ఉన్నాయి. ఆమె నేల మీద కూర్చుండిపోయింది. కాసేపటికి, బిడ్డ ఒంటి మీది దద్దును ఒక్కో వేలితో తాకుతూ, "పదకొండో దినాన నా శేతులతోనే పోస్తిని గదనే" అంది.

"నేను అక్కడే కూర్చుని చూశాను వదినా."

సింధూజ మంచం దిగి డబ్బా స్విచ్చి ఆపేసింది. బుడగల చప్పుడు ఆగిన తర్వాత ఆ ఇల్లు ఎంత చిన్నదో తెలిసింది.

"ఇగ ఎర్ర తీగకు ఏం కట్టాలె?" అంది వదిన. "బిడ్డకు గాలెట్ల?"

బిడ్డను, సింధూజను పెద్ద గ్యాలరీ అనే బయటి సొరంగంలో, పై గాలిని దింపే ఫ్యాను కింద కూర్చోబెట్టాం. ఆ ఫ్యాను మధ్యాహ్నం పన్నెండుకు ఆగుతుంది. వదిన అరిగిన పళ్ళెం విప్పి సంచిలో వేసుకుంది. ఇద్దరం కార్యాలయానికి నడిచాం. పదిన్నర అయింది.

విశ్వంభర్ గారు నా దరఖాస్తు పరిశీలనలో ఉందన్నారు. నేను దరఖాస్తు కోసం రాలేదని చెప్పాను. పరీక్షకులు ఏ డబ్బా నుంచైనా పరీక్ష నిమిత్తం నమూనా తీసుకోవచ్చునని ముప్పై ఒకటో నియమం. నమూనా ఎంత ఉండాలో నియమం చెప్పలేదు. ఆయన కుర్చీ వెనుకకు వెళ్ళి, స్విచ్చి ఆపి, ఎర్ర తీగ పలకను మొత్తంగా నమూనాగా తీసుకున్నాను. రసీదు రాసి బల్ల మీద పెట్టాను.

"మరి మా డబ్బా?" అన్నారాయన.

"ఆమోదిత లోహం ఉంది సార్. పద్నాలుగో సర్క్యులర్ ప్రకారం."

వదిన సంచిలోంచి పళ్ళెం తీసి ఆయన ముందు పెట్టింది. "గిది కట్టుకో సారూ. మా ఆడిబిడ్డ పెట్టిన తల్లె. మంచి స్టీలు. నీళ్ళు పసుపుగ అత్తయి. శుభమన్నవట గద."

ఆయన చేతులు వెనక్కి తీసుకున్నారు. "వద్దు."

"ఎందుకు వద్దో రాతపూర్వకంగా ఇవ్వండి సార్" అన్నాను.

ఆయన ఇవ్వలేదు. మమ్మల్ని ఆపనూ లేదు. మేం గుమ్మం దాటుతుంటే మాత్రం, "ఎంతమంది పిల్లలున్నారు?" అని అడిగారు. ఐదేళ్ళ లోపువారు అరవై నలుగురని చెప్పాను. ఆయన రాసుకున్నారు. ఎందుకు రాసుకున్నారో తెలియదు.

పదకొండు దాటి నలభై నిమిషాలకు నూట నాలుగో ఇంటి డబ్బాను మూడుసార్లు కడిగి, కొత్త సోడా నీళ్ళు పోసి, నికెల్ పలక కట్టి స్విచ్చి వేశాం. నీళ్ళు తేటగా ఉన్నాయి. పన్నెండుకు ఫ్యాను ఆగింది. బిడ్డను లోపలికి తెచ్చి తొట్టెలలో వేశాం. ఒట్టి నీళ్ళతో స్నానం. పాట పాడడానికి వచ్చినవాళ్ళు పాడారు. వదిన పాడలేదు. గడప దగ్గర కూర్చుని తడిబట్టతో దాన్ని తుడుస్తూనే ఉంది.

నమోదు 7
19వ తేదీ

వదిన తెల్లవారేసరికి పదహారు ఇళ్ళు తిరిగి వచ్చింది. ప్రతి ఇంట్లో గిన్నెడు పసుపు నీళ్ళలో సోడా కలిపి చూపించిందట. చెప్పడం అవసరం పడలేదట. రెండు ఇళ్ళలో తిట్టారు. ఒక ఇంట్లో తలుపు వేశారు. పదమూడు ఇళ్ళు డబ్బాలు ఆపి గ్యాలరీలో ఫ్యాను కింద కూర్చున్నాయి. ఇవాళ కూడా అది పన్నెండుకు ఆగుతుంది.

గ్యాలరీలో కూర్చున్నవారిలో సూపరింటెండెంటు గారూ ఉన్నారు. కార్యాలయంలో గాలి లేదు.

పై కారణాల చేత ఈ కింది అభ్యర్థన దాఖలు చేయడమైనది.

అభ్యర్థన సంఖ్య 1/41

దాఖలు చేసినవారు: లోహ పరీక్షకురాలు ఇందుమతి, నూట నాలుగో ఇంటి ఓదెమ్మ (వేలిముద్ర పుండ్ల వల్ల స్పష్టంగా పడలేదు), ఇరవై రెండు రోజుల ఆడశిశువు (పేరు ఇంకా నమోదు కాలేదు).

ఒకటి. దీపాల గది తాళం ఈ రోజు పన్నెండు లోపు తెరవాలి. రెండు వందల పన్నెండు ఇళ్ళకు, ఒక కార్యాలయానికి, ఎర్ర తీగకు ఒక్కొక్కటి చొప్పున నికెల్ పలక ఇవ్వాలి. లెక్క జత చేశాను. అది సరిపోతుందని సూపరింటెండెంటు గారు స్వయంగా వేసి చూశారు.

రెండు. పలకలు అందేదాకా వోల్టేజిని రెండున్నరకు దించాలి. గాలి తగ్గుతుంది. ఫ్యానును మధ్యాహ్నం ఆపకుండా తిప్పాలి.

మూడు. పసుపు నీళ్ళున్న బిందెలన్నీ సేకరించి, మూతలు బిగించి, ఎవరూ నడవని పాత గ్యాలరీలో పెట్టాలి. ముసలమ్మల దగ్గర తీసుకునేటప్పుడు మెల్లగా మాట్లాడాలి.

నాలుగు. పద్నాలుగో సర్క్యులర్ రద్దు చేయాలి. దాని కింద సంతకం చేసినందుకు, పసుపును తెలుపని రాసినందుకు పరీక్షకురాలికి నియమానుసారం శిక్ష విధించాలి. అయితే పలకల పంపిణీ పూర్తయిన తర్వాతే విధించాలి. ఏ లోహాన్ని ఏ తీగకు కట్టాలో చూసి కట్టగలిగినది ప్రస్తుతం నేనొక్కదాన్నే. వదిన నేర్చుకుంటున్నది.